స్టాటిస్టిక్స్ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?



ఇంటర్ ఫలితాలు వచ్చాక క్రోసూరు లాంటి మండల కేంద్రంలో మా బోటి ఉపాధ్యాయులను తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇంజనీరింగ్‌లో వేద్దామా? కంప్యూటర్ సైన్స్ సీటు వస్తుందా? మొత్తం ఎంత అవుతుంది? సీటు రాకపోయినా, డబ్బు సర్దుబాటు కాకపోయినా అబ్బాయి ఏదో ఒక డిగ్రీలో చేరతాడు. అమ్మాయి చాలాసార్లు ఇంట్లోనే ఆగిపోతుంది. ఆ 'ఏదో ఒక డిగ్రీ'లో స్టాటిస్టిక్స్ ఉంటే మాత్రం చుట్టుపక్కల వాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారు: అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడమే మా ఉద్దేశం. ముందే ఒక మాట. స్టాటిస్టిక్స్ చదివిన వారికి దారులు లేక మన పిల్లలు వెనకబడడం లేదు. ఏ ఉద్యోగానికి ఏ సబ్జెక్టు ఉండాలో డిగ్రీలో చేరే రోజున తెలియక, డిగ్రీ పూర్తయ్యాక తెలుసుకుని వెనకబడుతున్నారు. అప్పటికి చేయగలిగింది తక్కువ. అందుకే ఇంటర్ చదువుతున్న పిల్లలు ఉన్న ఇళ్ళలో ఈ వ్యాసం ముందుగా చదవాలని మా కోరిక.

ఇంతకీ ఈ శాస్త్రం ఏమిటి?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవాలంటే ఒక మెతుకు పట్టి చూస్తాం. కుండంతా తిని చూడనక్కరలేదు. గణాంక శాస్త్రానికి మూలం ఇదే. అయితే దావత్‌లో దేగ్ దించే బావర్చీని అడగండి. అంచున ఉన్న నాలుగు మెతుకులు చూసి ఆయన దేగ్ దించడు. పైన ఒక తీరుగా, అడుగున ఒక తీరుగా ఉంటుందని ఆయనకు తెలుసు. ఎక్కడెక్కడి నుంచి, ఎన్ని మెతుకులు తీసి చూస్తే మొత్తం దేగ్ గురించి నమ్మకంగా చెప్పవచ్చో లెక్కగట్టి చెప్పేదే స్టాటిస్టిక్స్. చెప్పిన మాట ఎంత వరకు తప్పే అవకాశం ఉందో కూడా అదే చెబుతుంది.

మన పొలాల్లోనే దీనికి ఉదాహరణ ఉంది. పంట దిగుబడి ఎకరాకు ఎంత వచ్చిందో ప్రభుత్వం ఎలా తెలుసుకుంటుంది? ప్రతి రైతు కళ్ళం దగ్గరకు వెళ్ళి తూకం వేయడం సాధ్యం కాదు. అందుకు పంట కోత ప్రయోగాలు చేస్తారు. ఆ పంట వేసిన సర్వే నంబర్లలో కొన్నింటిని ఎవరి ఇష్టమూ కలవకుండా, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ప్రకారం ఎంచుతారు. ఎంచిన పొలంలో నైరుతి మూల నుంచి ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు అని మళ్ళీ ఆ పట్టిక ప్రకారమే నడిచి, వరి అయితే 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున తాడు కట్టి, ఆ గడిలో పంటే కోసి, నూర్చి, తూకం వేస్తారు. పత్తి, మిరప లాంటి పంటలు ఒకేసారి చేతికి రావు కాబట్టి తీత తీతకూ, కోత కోతకూ తూచి కలుపుకోవాలి.

గట్టు పక్కన పంట బాగుందని అధికారి అక్కడే తాడు కడితే దిగుబడి ఎక్కువ చూపిస్తుంది. చచ్చుబడిన చోట కడితే తక్కువ చూపిస్తుంది. 2016లో మొదలైన ఫసల్ బీమా పథకంలో చాలా పంటలకు పరిహారం ఈ దిగుబడి అంచనా మీదే ఆధారపడుతుంది. అంటే ఆ తాడు ఎక్కడ కట్టారన్నది రైతు ఇంటి సంగతి. ఆ తాడు నిజాయితీగా, శాస్త్రప్రకారం కట్టే ఉద్యోగం స్టాటిస్టిక్స్ చదివిన వారిది.

ఈ విద్య మనకు కొత్తది కాదు

9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ కిందీ రహస్య లిపిలో రాసిన ఉత్తరాలను చదవడానికి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పద్ధతిని వివరించాడు. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనె అక్బరీలో పంటలు, ధరలు, శిస్తులు, జీతాల లెక్కలు సుబాల వారీగా ఉన్నాయి. ఆధునిక భారతదేశంలో ఈ శాస్త్రాన్ని నిలబెట్టినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ఆయన పుట్టినరోజు జూన్ 29ని 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

తెలుగువారి విషయానికి వస్తే సి.ఆర్. రావు గారి పేరు ప్రతి విద్యార్థికీ తెలియాలి. ఆయన 1920లో ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, మనకు కృష్ణానది అవతల ఉన్న నందిగామ, ఆ తర్వాత విశాఖపట్నంలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. వెళ్ళిన ఉద్యోగం రాలేదు. అక్కడ మహలనోబిస్ గారి సంస్థ సంగతి తెలిసి 1941లో చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో ప్రచురించిన పరిశోధన వల్ల ఆయన పేరు ప్రపంచంలోని స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకాలన్నింటిలోకి ఎక్కింది. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ ఉంది.

లెక్క సరిగా లేకపోతే నష్టపోయేది ఎవరు?

ఈ సంచిక చదివేవారికి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2005లో జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ముస్లింల చదువు, ఉద్యోగాలు, బ్యాంకు రుణాల పరిస్థితిని దేశం ముందు పెట్టిన నివేదిక అది. అందులో బలమంతా ఆవేదనలో లేదు, అంకెల్లో ఉంది. 2001 జనగణన, జాతీయ నమూనా సర్వేల లెక్కలు తీసి, పోల్చి, పట్టికలు వేసి చూపించారు. ఆ కమిటీ సభ్య కార్యదర్శి అబూసలే షరీఫ్ అంకెలతో పనిచేసే ఆర్థికశాస్త్రవేత్త.

మన రాష్ట్రంలో ముస్లిం రిజర్వేషన్ల కథ కూడా ఇదే చెబుతుంది. 2004లో, 2005లో తెచ్చిన 5 శాతం రిజర్వేషన్లు హైకోర్టులో నిలవలేదు. 2007లో వెనకబడిన కొన్ని వర్గాలను గుర్తించి బీసీ-ఇ కింద 4 శాతం ఇస్తూ చట్టం చేశారు. దానినీ 2010లో హైకోర్టు కొట్టివేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతోంది. ఈ వ్యాజ్యాలలో తిరిగి తిరిగి వచ్చిన ప్రశ్నలు ఏమిటి? వెనకబాటుతనాన్ని ఏ ప్రమాణంతో కొలిచారు? సర్వే ఎలా చేశారు? ఎంతమందిని చూసి అందరి గురించి చెప్పారు? ఇవన్నీ స్టాటిస్టిక్స్ ప్రశ్నలే. మన గురించి లెక్క రాసేటప్పుడు ఆ లెక్క తెలిసినవారు మనలోనూ ఉండడం అవసరం.

జనగణన దగ్గరపడుతోంది. 2011 తర్వాత ఆగిపోయిన గణన 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగనున్నట్లు కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. ఈసారి కులం వివరాలు కూడా రాస్తారు. ఎన్యూమరేటర్లుగా ఇల్లిల్లూ తిరిగేది ఎక్కువగా మా ఉపాధ్యాయులమే. కానీ రాసిన వివరాలను పట్టికలుగా, నివేదికలుగా మార్చే పని ఆ శాస్త్రం చదివినవారు చేస్తారు.

డిగ్రీలో చేరే ముందే చూసుకోవలసినవి

ఇక అసలు విషయానికి వద్దాం. స్టాటిస్టిక్స్ డిగ్రీకి ఇంటర్‌లో గణితం ఉండాలి. ఎంపీసీ అయితే అన్నిటికంటే మేలు. ఎంఈసీ చదివిన వారికి కూడా చాలాచోట్ల అవకాశం ఉంది. బైపీసీ వారికి ఈ దారి కష్టం.

మన రాష్ట్రంలో 2023–24 నుంచి డిగ్రీలో ఒక మేజర్ సబ్జెక్టు, ఒక మైనర్ సబ్జెక్టు అనే పద్ధతి వచ్చింది. పూర్వం మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ అని మూడూ సమానంగా చదివేవారు. ఇప్పుడు ఏది మేజర్, ఏది మైనర్ అన్నది చేరేటప్పుడే ఆలోచించుకోవాలి. మా సలహా: స్టాటిస్టిక్స్ మేజర్ ఉన్న కాలేజీ దొరికితే అదే తీసుకుని, కంప్యూటర్ సైన్స్ గానీ గణితం గానీ మైనర్‌గా పెట్టుకోవడం మంచిది. గణితమో కంప్యూటర్ సైన్సో మేజర్‌గా దొరికితే స్టాటిస్టిక్స్‌ను మైనర్‌గా వదలకుండా తీసుకోవాలి.

కాలేజీలో అడగవలసిన ప్రశ్నలు మూడు. స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లలో ఉంటుంది? మార్కుల మెమోలో ఆ సబ్జెక్టు పేరు స్పష్టంగా పడుతుందా? పాఠం చెప్పే లెక్చరరు ఉన్నారా, కంప్యూటర్ ల్యాబ్ పనిచేస్తుందా? ఈ మూడూ ఎందుకు అడగాలో కింద చూస్తే అర్థమవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగాలు

మొదటిది, మన మండలంలోనే కనిపించేది, అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్. రాష్ట్ర అర్థ గణాంక శాఖలో ఉద్యోగం. వర్షపాతం, పంటల విస్తీర్ణం, పంట కోత ప్రయోగాలు, ధరల సేకరణ లాంటి పనులు చూస్తారు. జిల్లాలో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వీరికి పై కార్యాలయం. మన పల్నాడు జిల్లాకు అది నరసరావుపేటలో ఉంటుంది. ఏపీపీఎస్సీ ద్వారా భర్తీ చేస్తారు. ఒక చిక్కు మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ నోటిఫికేషన్లు ఏటా రావు. దీని ఒక్కదానికోసమే కూర్చుంటే వయసు గడిచిపోతుంది. మిగిలిన పరీక్షలతో కలిపి చదవాలి.

రెండోది, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్ష. ఇందులో ఎన్నో రకాల ఉద్యోగాలు ఉన్నా, జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ అనే రెండు పోస్టులకు మాత్రం 100 ప్రశ్నలు, 200 మార్కులతో స్టాటిస్టిక్స్ పేపరు అదనంగా ఉంటుంది. లక్షలాది మంది రాసే పరీక్షలో ఈ పేపరు రాయగలవారు తక్కువ కాబట్టి మనకు పోటీ తగ్గుతుంది. జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. లేదా ఏ డిగ్రీ అయినా ఇంటర్ గణితంలో 60 శాతం మార్కులు ఉండాలి. వయసు 32 లోపు. ఏడవ వేతన సంఘం ప్రకారం మూలవేతనం నెలకు 35,400 రూపాయలతో మొదలవుతుంది. జాతీయ నమూనా సర్వే పని వీరిది. 1950లో మొదలైన ఈ సర్వే ద్వారానే దేశంలో కుటుంబాలు దేనికి ఎంత ఖర్చు పెడుతున్నాయో, ఎంతమందికి పని ఉందో తెలుస్తోంది.

స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకు మాత్రం నిబంధన గట్టిది. డిగ్రీ మూడేళ్ళూ, ఆరు సెమిస్టర్లలోనూ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలని నోటిఫికేషన్లలో రాస్తున్నారు. మొదటి సెమిస్టరులో ఆ సబ్జెక్టు లేకపోయినా, మధ్యలో మైనర్‌గా మొదలైనా, తర్వాత ధ్రువపత్రాల పరిశీలనలో చిక్కు రావచ్చు. ఎన్ని సెమిస్టర్లు అని చేరేటప్పుడే అడగమన్నది అందుకే.

మూడోది, అన్నిటికంటే పెద్దది, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు. ఐఏఎస్ పరీక్ష పెట్టే యూపీఎస్సీయే దీనిని నిర్వహిస్తుంది. ఇది గ్రూప్ ఎ సర్వీసు. మూలవేతనం 56,100తో మొదలవుతుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నా అర్హతే, పీజీలో ఉన్నా అర్హతే. వయసు 21 నుంచి 30. ప్రిలిమ్స్ అంటూ ఏమీ లేదు. ఇంగ్లీషు 100, జనరల్ స్టడీస్ 100, స్టాటిస్టిక్స్ నాలుగు పేపర్లు ఒక్కొక్కటి 200, మౌఖిక పరీక్ష 200. మొత్తం 1200 మార్కులలో 800 మనం చదివిన సబ్జెక్టువే. పోస్టులు తక్కువ, పాఠం మాత్రం పీజీ స్థాయిది. ఎమ్మెస్సీ చదువుతూనే సిద్ధం కావాలి. మన పల్నాడులో ఐఏఎస్ గురించి వినని ఇల్లు ఉండదు. ఈ సర్వీసు గురించి విన్నవారు అరుదు.

ఎమ్మెస్సీ 55 శాతంతో పూర్తిచేసిన వారికి రిజర్వు బ్యాంకు గణాంక విభాగంలో గ్రేడ్ బి అధికారి పరీక్ష ఉంది. అధ్యాపక వృత్తి కావాలంటే సీఎస్ఐఆర్ నెట్, ఏపీసెట్ పరీక్షలలో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపరులో స్టాటిస్టిక్స్ భాగం ఉంటుంది. బి.ఇడి. చేసి మా వృత్తిలోకి రావాలనుకునేవారు గణితం కూడా డిగ్రీలో ఉండేలా చూసుకుని, డీఎస్సీ నోటిఫికేషన్‌లోని అర్హతలు చదవాలి.

ఆసుపత్రుల్లో, మందుల కంపెనీల్లో

ఒక మందు పనిచేస్తుందని ఎవరు తేలుస్తారు? డాక్టరు ఒక్కరే కాదు. కోవిడ్ కాలంలో హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ సంగతి చూడండి. మూడో దశలో సుమారు 25,800 మందిని తీసుకున్నారు. సగం మందికి టీకా, సగం మందికి టీకా లేని మందు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వేసుకున్నవారికీ తెలియదు, వేసినవారికీ తెలియదు. ఆ తర్వాత లక్షణాలతో కోవిడ్ వచ్చిందని లెక్కకు తీసుకున్నవారు 130 మంది. వారిలో 24 మంది టీకా వేసుకున్నవారు, 106 మంది వేసుకోనివారు. టీకా 77.8 శాతం పనిచేసిందన్న మాట ఈ తేడా నుంచే వచ్చింది. ఎంతమందిని తీసుకోవాలి, ఎలా విడదీయాలి, తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చేవారిని బయోస్టాటిస్టీషియన్ అంటారు.

హైదరాబాదు, బెంగళూరులలో మందుల పరీక్షల వివరాలను విశ్లేషించే కంపెనీలు చాలా ఉన్నాయి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌తో పాటు 'శాస్' అనే సాఫ్ట్‌వేరు తెలిసినవారిని ప్రోగ్రామర్లుగా తీసుకుంటారు. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ జనాభా, ఆరోగ్య గణాంకాలలో పీజీ చెబుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసేది ఆ సంస్థే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్, మన గుంటూరు పక్కన లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి పరిశోధన సంస్థలలో కూడా ప్రయోగాల ఫలితాలు తేల్చడానికి ఈ శాస్త్రం కావాలి.

బీమా, బ్యాంకులు, డేటా ఉద్యోగాలు

బీమా కంపెనీలలో యాక్చువరీ అనే ఉద్యోగం ఉంది. ఏ వయసువారికి ఎంత ప్రీమియం, కంపెనీ దగ్గర ఎంత నిల్వ ఉండాలి అని లెక్కకట్టేవారు. దీనికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ వారి ప్రవేశ పరీక్షను ఇంటర్ తర్వాతే రాయవచ్చు. ఆ పైన ఒక్కొక్క పేపరు పాసవుతూ పోవాలి. కొన్నేళ్ళు పడుతుంది, ఓపిక ఉన్నవారికే సాధ్యం. పూర్తిచేసినవారికి జీతాలు బాగా ఉంటాయి.

వడ్డీ, బీమా పనులు వద్దనుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారు స్టాటిస్టిక్సే వద్దనుకోనక్కరలేదు. పైన చెప్పిన ఆరోగ్యం, మందులు, వ్యవసాయం, ప్రభుత్వ సర్వేలు ఉన్నాయి.

ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న మాట డేటా సైన్స్. దాని వెనక ఉన్న గణితంలో ఎక్కువ భాగం స్టాటిస్టిక్సే. కానీ నిజం చెప్పాలి. ఉత్త డిగ్రీ పట్టా పట్టుకుని వెళితే డేటా సైంటిస్టు ఉద్యోగం ఇవ్వరు. డేటా ఎంట్రీ లాంటి పనులు దొరికి అక్కడే ఆగిపోయేవారు ఉన్నారు. పట్టాతో పాటు మూడు రావాలి. ఒకటి, ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ బాగా రావాలి. రెండు, ఆర్ గానీ పైథాన్ గానీ చేతితో రాయగలగాలి. మూడు, లెక్క తేలిన విషయాన్ని ఇంగ్లీషులో ఒక పేజీ రాసి, నిలబడి చెప్పగలగాలి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది మూడోదాని దగ్గరే.

ఆర్, పైథాన్ రెండూ ఉచితం. స్వయం, ఎన్‌పీటెల్ ద్వారా ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఇంట్లోనే వినవచ్చు. పత్తి తీత కూలి డబ్బులు, మిరప అమ్మిన డబ్బులు తీసుకెళ్ళి, ఆరు నెలల్లో డేటా సైంటిస్టును చేస్తాం, ఉద్యోగం గ్యారంటీ అనే శిక్షణ కేంద్రాలలో కట్టవద్దు. ముందు ఉచితంగా నేర్చుకుని, ఒక చిన్న పని చేసి చూపించండి. ఉదాహరణకు గుంటూరు యార్డులో ఐదేళ్ళ మిరప ధరలు తీసుకుని ఏ నెలలో ఎలా మారాయో గీసి, కారణాలు రాస్తే ఇంటర్వ్యూలో చూపించడానికి అదే చాలు.

పై చదువులు

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మనకు దగ్గరలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఉంది. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలోనూ ఉంది. వీటికి ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు రాయాలి. వ్యవసాయ గణాంకాలకు ఢిల్లీలో ప్రత్యేక సంస్థ ఉంది.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విడిగా చెప్పాలి. ఇంటర్‌లో గణితం బాగా వచ్చిన పిల్లలు అక్కడి బీస్టాట్ పరీక్ష రాయవచ్చు. ప్రశ్నలు కఠినంగా ఉంటాయి. బట్టీ పట్టినవారికి రావు, ఆలోచించేవారికి వస్తాయి. బీస్టాట్, ఎంస్టాట్ కోర్సులకు ట్యూషన్ ఫీజు తీసుకోకుండా పైగా నెల నెలా స్టైపెండ్ ఇచ్చే సంప్రదాయం ఆ సంస్థది. పేదింటి తెలివైన బిడ్డకు ఇంతకంటే మంచి చదువు దొరకడం కష్టం.

ఖర్చు, కాగితాలు

రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ డిగ్రీకి వర్తిస్తుంది. ఇది కాక, ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద పై 1 శాతంలో మార్కులు వచ్చి బీఎస్సీలో చేరినవారికి కేంద్రం ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. స్టాటిస్టిక్స్ ఆ జాబితాలో ఉంది. ఇంజనీరింగ్ చదివేవారికి ఇది రాదు. ఏటా వచ్చే ప్రకటన చూసి దరఖాస్తు చేయాలి.

కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. దూదేకుల, నూర్‌బాషావారు మన రాష్ట్రంలో బీసీ-బి. మరికొన్ని వర్గాలు బీసీ-ఇ. అయితే రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్ర సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని కేంద్ర ఉద్యోగానికి ఓబీసీ గడి నింపకూడదు. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. లేకపోతే ఈడబ్ల్యూఎస్ వర్తిస్తుందేమో తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోవాలి. షేక్, ఎస్.కె. అని రెండు రకాలుగా రాసి ఉండడం మన ఇళ్ళలో చాలా మామూలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట

ఇంటర్‌లో గణితంలో మంచి మార్కులు తెచ్చుకుని చదువు మానేసిన ఆడపిల్లలను మేము ఎందరినో చూశాం. దూరం, ఖర్చు, పెళ్ళి అని కారణాలు చెబుతారు. ఆ భయాలను మేము తేలికగా తీసుకోవడం లేదు. కానీ ఈ చదువుకు ఖరీదైన కాలేజీ అవసరం లేదు. గుంటూరులోనో సత్తెనపల్లిలోనో నరసరావుపేటలోనో ఈ సబ్జెక్టు ఉన్న కాలేజీ వాకబు చేసి, హాస్టలు ఉందో, బస్సు కుదురుతుందో చూసుకోవచ్చు. మందుల పరీక్షల విశ్లేషణ లాంటి పనులు కార్యాలయంలో కూర్చుని చేసేవే. కొన్ని ఇంటి నుంచి కూడా చేయనిస్తారు. అధ్యాపక వృత్తి ఉండనే ఉంది. ఇంటర్‌తో ఆగిన అమ్మాయికి ఇవేవీ ఉండవు.

చివరగా

పదో తరగతి పిల్లలు గణితం అంటే భయపడి వదలవద్దు. ఇంటర్ పిల్లలు కాలేజీలో ఆ మూడు ప్రశ్నలు అడిగాకే చేరాలి. డిగ్రీ మొదటి ఏడాది నుంచే వారానికి ఒక రోజు కంప్యూటరు మీద, ఒక రోజు ఇంగ్లీషు మీద పెట్టాలి. రెండో ఏడాదిలో సీజీఎల్ స్టాటిస్టిక్స్ పాత ప్రశ్నపత్రాలు మొదలుపెట్టాలి. చివరి ఏడాదిలో పీజీసెట్, జామ్ రాయాలి. నోటిఫికేషన్ ఏదైనా ఎవరో చెప్పారని నమ్మకుండా అర్హతల పేజీ స్వయంగా చదవాలి; నిబంధనలు మారుతుంటాయి.

మండలంలోని పంటకు, రోగికి ఇచ్చే మందుకు, జనాభాలో మన సంఖ్యకు లెక్క రాసేవారు ఎవరో ఒకరు ఉండక తప్పదు. ఆ కుర్చీలలో మన క్రోసూరు పిల్లలు కూడా కూర్చోవాలి. పిల్లలకు ఉపయోగపడే విద్యను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.